తుమున్నర్థకం ‘టు’కు పర్యాయం కాదు: ఆంగ్ల క్రియా నామ నమూనాల తెలుగింపుపై ఒక అభ్యంతరం

ఆంగ్ల వ్యాకరణాన్ని తెలుగువారికి బోధించే పద్ధతిలో ఒక సమీకరణం తరతరాలుగా చెల్లుబాటవుతూ వస్తున్నది. క్రియకు ముందు ‘టు’ చేరితే తెలుగులో ‘-టకు’, వ్యావహారికంలోనైతే ‘-డానికి’. ‘టు గో’ అంటే ‘వెళ్ళుటకు’; ‘టు ఈట్’ అంటే ‘తినుటకు’. బడిలో నేర్చిన ఈ సూత్రమే పెద్దయ్యాక పత్రికల్లో, ప్రభుత్వ ప్రకటనల్లో, అనువాద గ్రంథాల్లో, చివరకు మన సిద్ధాంత గ్రంథాల్లో కూడా వాక్యాలను నడిపిస్తున్నది. ఈ సమీకరణం ఒక్క ప్రయోజనార్థంలో మాత్రమే నిజమనీ, మిగిలిన సందర్భాలన్నింటిలో అబద్ధమనీ ఈ వ్యాసంలో నా వాదన. దీనివల్ల ఆంగ్లం నేర్చుకొనే విద్యార్థి నష్టపోతున్నాడన్నది అందరూ ఒప్పుకొనేదే. తెలుగు వాక్యం నష్టపోతున్నదన్న సంగతి మాత్రం తెలుగు శాఖల్లో ఉన్న మనం పట్టించుకోవడం లేదు. “అది ఇంగ్లీషు వ్యాకరణ విషయం, మనకెందుకు?” అన్న మాట సదస్సుల్లో తరచుగా వినిపిస్తుంది. మనకెందుకో చెప్పడానికే ఈ ప్రయత్నం.

ముందుగా ఆంగ్లం సంగతి. ఆ భాషలో ‘టు’తో కూడిన క్రియ ఏ పదం వెనుక రావచ్చునన్నది చాలావరకు ఆ పదమే నిర్ణయిస్తుంది. డిసైడ్, హోప్, ప్రామిస్, రిఫ్యూజ్ అనే క్రియలు ‘టు’ను కోరుతాయి. అవాయిడ్, ఎంజాయ్, ఫినిష్ అనేవి దాన్ని సహించవు. వాటికి ‘-ఇంగ్’ రూపం కావాలి. నామవాచకాల సంగతి మరీ చిక్కు. డిసైడ్ అనే క్రియ వెంట ఉన్న ‘టు’ డెసిషన్ అనే నామం వెంట కూడా వస్తుంది. హోప్ క్రియగా ఉన్నప్పుడు వచ్చిన ‘టు’ మాత్రం అదే పదం నామమైనప్పుడు సాధారణంగా తప్పుకొని ‘ఆఫ్’కూ ‘-ఇంగ్’కూ చోటిస్తుంది. అర్థాన్ని బట్టి కొంత ఊహించవచ్చు గాని పూర్తిగా ఊహించలేం. అందుకే జపానులో ఇంగ్లీషు బోధించిన ఎ.ఎస్. హార్న్‌బీ పదం పదానికీ నమూనా చూపే నిఘంటువును 1942లో టోక్యోలో వెలువరించవలసి వచ్చింది. 1954లో ఆయన ప్రచురించిన వాడుక మార్గదర్శిలో క్రియా నమూనాలు 25. 1996లో క్రియలకూ, 1998లో నామ విశేషణాలకూ కోబిల్డ్ బృందం వెలువరించిన సంపుటాలు ఆ పనినే మరింత విస్తారంగా చేశాయి. ఈ చరిత్రలో మనం గమనించవలసింది ఒకటుంది: ఈ పట్టికలు ఇంగ్లీషు పుట్టుభాషగా గలవారి అవసరంలోంచి పుట్టలేదు. ఆ భాషను బయటి నుంచి నేర్చుకొనేవారి ఇబ్బందిలోంచి పుట్టాయి.

ఇదంతా పాశ్చాత్యుల తంతు అనుకొనేవారు అష్టాధ్యాయిని మరొక్కసారి తిప్పి చూడాలి. ఒక క్రియ మరొక క్రియకోసం జరుగుతున్నప్పుడు తుమున్ ప్రత్యయాన్ని విధించిన సూత్రం (3.3.10) మనందరికీ తెలిసినదే. ‘టు అంటే -టకు’ అన్న సమీకరణం నిజానికి ఈ ఒక్క సూత్రానికి నీడ. మనం అక్కడే ఆగిపోయాం; పాణిని ఆగలేదు. ఇచ్ఛార్థక ధాతువులతో, రెండు క్రియలకూ కర్త ఒక్కడే అయినప్పుడు తుమున్ వస్తుందని వేరుగా చెప్పాడు (3.3.158). కాల, సమయ, వేలా శబ్దాలతో వస్తుందని ఇంకొకచోట చెప్పాడు (3.3.167), ఇది అచ్చమైన నామ నమూనా. శక్, ధృష్, జ్ఞా, రభ్, లభ్, సహ్, అర్హ్ మొదలైన ధాతువులను పేరుపేరునా లెక్కపెట్టాడు (3.4.65). శక్తి, సాహసం, ఎరుక, ఆరంభం, పొందడం, ఓర్పు, అర్హత అనే ఈ అర్థాల వరుసను హార్న్‌బీ పట్టికల పక్కన పెట్టి చూస్తే పోలిక ఆశ్చర్యం కలిగిస్తుంది. ప్రయోజనార్థం లేనిచోట తుమున్ ఏ పదంతో వస్తుందో ఒక్కొక్కటిగా చెప్పవలసిందేనని పాణిని గుర్తించాడన్న మాట. ఇచ్ఛార్థకాల విషయంలో ఆయన పెట్టిన సమానకర్తృక నియమం ఇంగ్లీషుకు లేదు. ‘ఐ వాంట్ హిమ్ టు కమ్’ అని ఆ భాష భిన్నకర్తృకంలోనూ ‘టు’నే వాడుతుంది. తెలుగు ఈ రెండింటిలో దేన్నీ అనుసరించదు. ‘నాకు వెళ్ళాలని ఉంది’, ‘వాడు వెళ్ళాలని నాకు ఉంది’ అంటుంది. కర్త ఒకడైనా ఇద్దరైనా రూపం ‘-ఆలని’.

ఇక తెలుగు తుమున్నర్థకం. మన వ్యాకరణాలు ఆ పేరుతో చెప్పేది ‘అన్’ చేరిన రూపం: చేయన్, చూడన్. కావ్యభాషలో దీనికి విస్తృతమైన సంసారం ఉండేది. చేయనొల్లడు, చేయనేర్చును, చేయజాలడు, చేయదొడగెను, చేయబూనెను అని అది ఇష్టాన్నీ, నేర్పునూ, శక్తినీ, ఆరంభాన్నీ వెంటబెట్టుకొని తిరిగింది. నేటి భాషలో ఆ రూపం నశించలేదు. చేయగలడు, చేయలేడు, చేయసాగాడు, చేయబోయాడు, చేయనిచ్చాడు, చేయకూడదు, చేయవచ్చు అని సహాయక క్రియలకు అతుక్కొని బతుకుతున్నది. అతుకు విడిచి స్వతంత్రంగా నిలిచే శక్తి మాత్రం పోయింది. ఆ ఖాళీని ఏ ఒక్క రూపమో భర్తీ చేయలేదు. ‘-ఆలని’, ‘-తానని’, ‘-డం’, ‘-డానికి’, ‘-మని’, క్త్వార్థకం, ధాతుజ విశేషణం అన్నీ కలిసి, ఎవరి అర్థం వారు, ఆ ఆస్తిని పంచుకొన్నాయి. ఈ పంపకం ఎట్లా జరిగిందన్నదే అసలు పరిశోధనాంశం. ‘టు’కు ‘-డానికి’ అని కట్టిన లెక్క ఈ పంపకాన్నే కనిపించకుండా చేసింది.

మాటతో ముడిపడిన క్రియలను తీసుకొందాం. ‘హి రిఫ్యూజ్డ్ టు కమ్’ అన్నదాన్ని నేటి అచ్చుతెలుగు ‘అతడు రావడానికి నిరాకరించాడు’ అని చెబుతుంది. ఇంట్లో, వీధిలో మనం అనేది ‘రానన్నాడు’. ఒక్క పదంలో ఎంత వ్యాకరణం ఉన్నదో చూడండి. ‘రాను’ అన్నది వ్యతిరేక క్రియ, భవిష్యదర్థకం, ఉత్తమ పురుష. అంటే నిరాకరించిన మనిషి గొంతు వాక్యంలో అట్లాగే ఉంది. ఆంగ్ల తుమున్నర్థకం పురుషను చెరిపేస్తుంది, కాలాన్ని చెరిపేస్తుంది, వ్యతిరేకార్థాన్ని ప్రధాన క్రియలోకి నెట్టేస్తుంది. తెలుగు ఈ మూడింటినీ కాపాడుతుంది. మాట ఇచ్చినవాడు ‘వస్తానని’ ఇస్తాడు. బెదిరించినవాడు ‘చంపుతానని’ బెదిరిస్తాడు. సాయానికి వచ్చినవాడు ‘నేను మోస్తానంటాడు’. ఎదుటివాడిని చేయమన్నప్పుడు కూడా అంతే. ‘టోల్డ్ హిమ్ టు కమ్’కు మన మాట ‘రమ్మన్నాడు’. ‘టోల్డ్ హిమ్ నాట్ టు గో’కు ‘వెళ్ళొద్దన్నాడు’. మొదటిదానిలో విధి క్రియ, రెండవదానిలో నిషేధం ఉన్నవి ఉన్నట్టుగా నిలిచాయి.

దీనికి ఒక ఎదురువాదం ఉంది. నోరు విప్పకుండా నిరాకరించేవారూ ఉంటారు కదా, వారి విషయంలో ‘రానన్నాడు’ ఎట్లా కుదురుతుంది, ‘నిరాకరించాడు’ అన్నదే శాస్త్రీయం కాదా అని. తెలుగుకు ఈ చిక్కు లేదు. ‘ఎడ్లు కదలనంటున్నాయి’, ‘తలుపు తెరుచుకోనంటోంది’, ‘జ్వరం తగ్గనంటోంది’ అని నోరులేని వాటిచేత కూడా మాట్లాడిస్తుంది మన భాష. ‘అను’ ధాతువు ఇక్కడ ఉచ్చారణను దాటి మొండికేయడాన్ని తెలిపే వ్యాకరణ సాధనమైంది. ఇంత పని చేసే ధాతువును పక్కన పెట్టి, ‘వ్యాఖ్యానించడానికి నిరాకరించారు’ అని పత్రికలు రోజూ రాయడంలో శాస్త్రీయత ఏమున్నదో నాకు బోధపడదు. ‘ఏమీ చెప్పనన్నారు’ అంటే చాలు.

‘-డానికి’ తెలుగులో సహజంగా ప్రయోజనాన్ని చెబుతుంది. ‘చూడడానికి వచ్చాడు’, ‘కొనడానికి అప్పు చేశాడు’. ఆ బలం ఎంతటిదంటే, దాన్ని మరొక పనికి వాడితే అది తన పాత అర్థాన్నే పట్టుకొని వస్తుంది. ‘ఆయన భార్యను ఒప్పించడానికి మాట ఇచ్చాడు’ అన్న వాక్యం చదవండి. భార్యను ఒప్పించే నిమిత్తం ఏదో మాట ఇచ్చాడనే ఎవరికైనా స్ఫురిస్తుంది. ఆంగ్ల మూలంలో ఉన్నది ‘ఒప్పిస్తానని మాట ఇచ్చాడు’ అయితే అనువాదకుడు కథనే మార్చినట్టయింది. ‘పారిపోవడానికి బెదిరించాడు’ అన్నా అంతే: పారిపోవడం బెదిరింపు విషయం కాదు, బెదిరింపుకు కారణం అవుతుంది. ఇవి శైలికి సంబంధించిన చిన్న దోషాలని తీసిపారేయడానికి వీల్లేదు. వాగ్దానానికి విషయమేమిటి, ఉద్దేశమేమిటి అన్నవి తారుమారయ్యే చోటు ఇది. ఒప్పంద పత్రంలోనో సాక్షి వాంగ్మూలంలోనో ఈ తారుమారు జరిగితే దాన్ని శైలీభేదమని ఎవరూ సరిపెట్టుకోరు.

ఇటువంటిదే ‘ఫెయిల్ టు’ కథ. లౌరి కార్టునెన్ 1971లో ‘ఇంప్లికేటివ్’ క్రియలని పేరుపెట్టి చర్చించిన వర్గంలోనిది ఇది. ‘మేనేజ్డ్ టు’ అంటే పని జరిగిందని తేలుతుంది. ‘ఫెయిల్డ్ టు’ అంటే జరగలేదని తేలుతుంది. ‘హి ఫెయిల్డ్ టు అటెండ్’ అంటే చాలా సందర్భాలలో హాజరు కాలేదని మాత్రమే, ప్రయత్నించాడని కాదు. దీన్ని మనం ‘హాజరు కావడంలో విఫలమయ్యాడు’ అని రాస్తున్నాం. తెలుగులో విఫలం కావాలంటే ముందు ప్రయత్నం ఉండాలి. దుప్పటి ముసుగుతన్ని ఇంట్లో పడుకొన్నవాడు హాజరు కావడానికి పాటుపడి ఓడిపోయినవాడుగా మన వార్తల్లో దర్శనమిస్తాడు! ‘గడువులోగా పన్ను చెల్లించడంలో విఫలమైతే’ అన్న నోటీసు చదివిన రైతుకు ‘చెల్లించకపోతే’ అని ఎందుకు చెప్పలేదో అర్థం కాదు. తెలుగులో కాలేదు, కాలేకపోయాడు, కాకపోయాడు అన్న రూపాలు మానేయడాన్నీ, చేతకాకపోవడాన్నీ వేరుచేసి చెబుతాయి. ఆంగ్లంలో ‘ఫెయిల్’ అన్న ఒక్క మాట కింద కలిసిపోయే భేదం అది. ఉన్న భేదాన్ని పోగొట్టుకొని లేని ప్రయత్నాన్ని తెచ్చిపెట్టుకొన్నాం.

నామ నమూనాల దగ్గరకు వస్తే ఈ సంపద మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ‘టు రిటర్న్’ అన్న ఒకే ఆంగ్ల రూపం వేర్వేరు నామాల వెనుక వచ్చినప్పుడు తెలుగు ఏమంటున్నదో గమనించండి. ప్రామిస్ అయితే ‘తిరిగివస్తానన్న మాట’. డిజైర్ అయితే ‘తిరిగిరావాలన్న కోరిక’. అబిలిటీ అయితే ‘తిరిగిరాగల శక్తి’. అటెంప్ట్ అయితే ‘తిరిగివచ్చే ప్రయత్నం’. ఆర్డర్ అయితే ‘తిరిగిరమ్మన్న ఆజ్ఞ’. టైమ్ అయితే ‘తిరిగిరావలసిన వేళ’. రిఫ్యూజల్ అయితే ‘తిరిగిరాననడం’. ఫెయిల్యూర్ అయితే ‘తిరిగిరాకపోవడం’. ఎనిమిది నామాలకు ఎనిమిది రూపాలు! ఆంగ్లంలో నామం ఒక్కటే మోసే అర్థభారాన్ని తెలుగులో క్రియారూపం కూడా పంచుకొంటుంది. మాట ఇచ్చినవాడి గొంతు, కోరేవాడి మనసు, ఆజ్ఞాపించినవాడి విధి, వేళలోని ఆవశ్యకత అన్నీ ధాతుజ విశేషణంలోనే తెలిసిపోతాయి. చివరి రెండింటిలో నామమే మాయమై వ్యతిరేక క్రియ ఆ పని చేసింది. వీటన్నిటినీ ‘తిరిగి రావడానికి వాగ్దానం’, ‘తిరిగి రావడానికి కోరిక’, ‘తిరిగి రావడానికి ఆజ్ఞ’ అని ఒకే అచ్చులో పోస్తే మిగిలేదేమిటి? కొన్నిచోట్ల క్రియే అక్కరలేదు కూడా. ‘రైట్ టు వోట్’ మనకు ‘ఓటు హక్కు’. 2005 నాటి చట్టాన్ని ‘సమాచార హక్కు’ అన్నాం. ఆంగ్లంలో మొదటి ‘టు’ తుమున్నర్థకం, రెండవది ఉపసర్గ. తెలుగు సమాసం ఆ తేడాను లెక్కచేయకుండా రెండింటినీ ఒకే తీరున జీర్ణించుకొంది. ఆ పేర్లు పెట్టినప్పుడు ఎవరూ ‘టు’ కోసం వెతుక్కోలేదు.

శుద్ధివాదులు నన్ను తమలో కలుపుకోకముందే ఒక మాట. ‘-డానికి’ ఎక్కడ కనిపించినా అది ఇంగ్లీషు దిగుమతి అనే వాదాన్ని నేను అంగీకరించను. ‘-ఉటకు’ గ్రాంథిక గద్యంలో ఉన్నదే. భావార్థకానికి ‘కు’ విభక్తి చేర్చడం తెలుగుకు కొత్త కాదు. ‘వెళ్ళడానికి జంకాడు’, ‘అడగడానికి మొహమాటపడింది’, ‘తినడానికి పనికిరాదు’ అన్నవి నిక్కమైన తెలుగు వాక్యాలు. ప్రయోజనార్థం లేకపోయినా ఇక్కడ ‘-డానికి’ సహజంగా కుదిరింది. ఎందుకు కుదిరింది? జంకు, మొహమాటం, సంకోచం వంటి మనోభావాలకు విషయమైన పని ‘కు’ విభక్తిని కోరుతున్నదా? ‘పామును చూసి జంకాడు’కు ‘వెళ్ళడానికి జంకాడు’కు ఉన్న సంబంధమేమిటి? ఇవి ప్రశ్నలు. దిగుమతి అని కొట్టివేస్తే ప్రశ్నలే పుట్టవు.

భాష మారుతుంది, వర్ణించడమే మన పని, శాసించడం కాదు అనే భాషాశాస్త్రజ్ఞుల అభ్యంతరం ఇంకొకటి. సూత్రంగా నాకు అది సమ్మతమే. కాని వాడుకను ప్రమాణంగా తీసుకోవాలన్న వ్యావహారికవాదం న్యాయాన్నే ఇక్కడ వర్తింపజేస్తే తేలేది వేరు. మాటలో ‘రానన్నాడు’ జీవించి ఉన్నది. కలంలో ‘రావడానికి నిరాకరించాడు’ పెత్తనం చేస్తున్నది. మాట్లాడే భాషకు దూరమై, చదువుకొన్నవారి రాతలో మాత్రమే చెల్లే ఈ రూపాలు కొత్త గ్రాంథికం. పాత గ్రాంథికానికి కావ్యాల అండ అయినా ఉండేది.

బోధన సంగతి చెప్పకుండా ఈ చర్చ ముగియదు. ‘స్టాప్డ్ టు రీడ్’, ‘స్టాప్డ్ రీడింగ్’ అన్న జంటను ఆంగ్లోపాధ్యాయులు కఠినమైన అంశంగా భావిస్తారు. తెలుగు పిల్లవాడికి అందులో కష్టమేమీ ఉండనక్కరలేదు. మొదటిది ‘చదవడానికి ఆగాడు’, రెండవది ‘చదవడం ఆపాడు’. రూపభేదం అతని భాషలోనే ఉంది. ‘రిమెంబర్’ విషయంలోనూ అంతే: ‘తాళం వేయాలని గుర్తుంది’కి ‘టు’, ‘తాళం వేసినట్టు గుర్తుంది’కి ‘-ఇంగ్’. చేయవలసినదానికీ చేసినదానికీ ఉన్న భేదాన్ని ఆంగ్లం కంటే తెలుగే తేటగా చూపిస్తున్నది. ఆ తేటదనాన్ని వాడుకోవలసిన చోట, రెండింటికీ ‘వేయుటకు గుర్తుంచుకొనుట’ వంటి వికృత రూపాలు కల్పించి పిల్లవాడి చేతిలోని దీపాన్ని ఆర్పేస్తున్నాం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇటీవలి సంవత్సరాలలో ఒక పుటలో ఆంగ్లం, ఎదుటి పుటలో తెలుగు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు బడులకు వచ్చాయి. ఆలోచనగా అది మంచిదే. కాని ఎదురెదురుగా ఉన్న పుటలు వాక్యానికి వాక్యం, పదానికి పదం సరిపోవాలన్న ఒత్తిడిని సహజంగానే తెస్తాయి. ఆ ఒత్తిడికి లొంగితే తెలుగు పుట ఆంగ్ల పుటకు అర్థసూచిక అవుతుందే గాని తెలుగు కాదు. పదేళ్ళ పిల్లవాడికి అచ్చులో కనిపించే తెలుగు అదే అయినప్పుడు అతను దాన్నే ప్రమాణమని నమ్ముతాడు. ఇటువంటి పుస్తకాల పరిష్కరణలో క్రియా నమూనాల మీద పనిచేసినవారు ఉండాలి. అటువంటివారిని తయారుచేయడం తెలుగు శాఖల బాధ్యత. ఆంగ్ల శాఖలకు అది సాధ్యం కాదు.

మనకు పునాది లేకపోలేదు. తెలుగు నేర్చుకొనే ఆంగ్లేయుల కోసం 1840లో బ్రౌను, 1873లో ఆర్డెను వ్యాకరణాలు రాశారు. చేకూరి రామారావు ‘తెలుగు వాక్యం’ (1975) వాక్యనిర్మాణాన్ని చూసే దృష్టినే మార్చింది. భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్‌ల ఆధునిక తెలుగు వ్యాకరణం (1985) రూపాలను క్రమంగా వర్ణించింది. రూపం నుంచి బయలుదేరిన పని ఇట్లా కొంత జరిగింది. పదం నుంచి బయలుదేరవలసిన పని, ఏ క్రియ, ఏ నామం తన వెంట ఏ క్రియారూపాన్ని తెచ్చుకొంటుందో చెప్పే పని, జరగవలసినంత జరగలేదు. 1885 నాటి శబ్దరత్నాకరం గాని, 1936లో వెలువడనారంభించిన సూర్యరాయాంధ్ర నిఘంటువు గాని అర్థాలు చెప్పి, ప్రయోగాలు చూపి, సకర్మకమో అకర్మకమో సూచించి ఊరుకొంటాయి. ఆనాటి నిఘంటు లక్ష్యానికి అది చాలు. మనకు చాలదు. మూడు వందల క్రియలు, నూరు నామాలు తీసుకొని, జీవద్భాషలోని ప్రయోగాలతో ఈ వివరం సేకరించడం ఒక విశ్వవిద్యాలయ శాఖ రెండు మూడేళ్ళలో చేయగలిగిన పని. ఒకే కవి మీద పదో సిద్ధాంత గ్రంథం రాయించడం కంటే ఇది కష్టం, నిజమే.

నమూనాకు ‘ఒప్పుకొను’ అనే క్రియను చూడండి. ‘వెళ్ళడానికి ఒప్పుకొన్నాడు’ అంటే సమ్మతించాడు. ఆ సమ్మతి తల ఊపడం కావచ్చు, మౌనం కావచ్చు. ‘వెళ్తానని ఒప్పుకొన్నాడు’ అంటే మాట ఇచ్చాడు. రేపు వెళ్ళకపోతే నిలదీయవచ్చు. ‘వెళ్ళానని ఒప్పుకొన్నాడు’ అంటే నేరమో తప్పో అంగీకరించాడు. ఆంగ్లానికి ఇక్కడ క్రియనే మార్చుకోవలసిన అవసరం వస్తుంది: మొదటి రెంటికి ‘అగ్రీ’, మూడవదానికి ‘అడ్మిట్’. మొదటిది ‘టు’ను కోరితే రెండవది ‘-ఇంగ్’ను కోరుతుంది. తెలుగులో క్రియ అదే. దాని ముందున్న రూపం మారితే సమ్మతి వాగ్దానమై, వాగ్దానం నేరాంగీకారమైంది. ‘వెళ్ళినట్టు ఒప్పుకొన్నాడు’ అని నాలుగవది కూడా ఉంది. ‘వెళ్ళానని’కీ ‘వెళ్ళినట్టు’కూ భేదం ఒప్పుకొన్నవాడి మాటను యథాతథంగా చెప్పడంలో ఉన్నదా, లేక చెప్పేవాడు ఆ సంగతిని ఎంతవరకు నమ్ముతున్నాడన్నదానిలో ఉన్నదా అన్నది పోలీసు వార్తల ప్రయోగాలను, న్యాయస్థాన పత్రాలను, నిత్య సంభాషణను పక్కపక్కన పెట్టి తేల్చవలసిన విషయం.